‘ఐ కుడ్ గెట్ ద జాబ్’ అంటే ఉద్యోగం వచ్చినట్టా, రానట్టా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. ఉద్యోగం సంపాదించుకోగలిగానన్న సంతోషంలో అమెరికాలో ఉన్న మీ అన్నయ్యకు ‘ఐ కుడ్ గెట్ ద జాబ్’ అని మెసేజ్ పెడితే, ఆయన ‘ఆల్ ద బెస్ట్’ అని జవాబిచ్చారన్నారు. క్యాన్‌కు భూతకాలం కుడ్ అనే కదా బడిలో చెప్పారు, తప్పెక్కడుంది అని అడిగారు. నేనైతే ఇదే తప్పు చేసి పదిమంది ముందు తెల్లమొహం వేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో సపోర్ట్ టీంలో నైట్ షిఫ్ట్. ఒకరోజు క్లయింటు సర్వర్ పడిపోయింది. తెల్లారేదాకా కూర్చుని బాగుచేశాం. మర్నాడు కాల్‌లో నేనే ముందు అందుకుని ‘వియ్ కుడ్ ఫిక్స్ ఇట్ లాస్ట్ నైట్’ అన్నాను. అటునుంచి చప్పుడు లేదు. కాసేపటికి క్లయింటు మేనేజరమ్మ నెమ్మదిగా ‘సో... ఈజ్ ఇట్ ఫిక్స్‌డ్ ఆర్ నాట్?’ అంది. మా లీడ్ గబుక్కున మ్యూట్ తీసి ‘ఇట్స్ ఫిక్స్‌డ్’ అన్నాడు. రాత్రంతా చేసిన పని చేశామని చెప్పుకోవడం కూడా రాలేదే అని ఆ రోజంతా కుమిలిపోయాను.

చిక్కంతా తెలుగులోనే ఉంది. మనం ‘బాగుచేయగలిగాం’ అన్నామంటే పని అయిపోయినట్టే. ‘బాగుచేయగలిగాం, కానీ చేయలేదు’ అని ఎవరైనా అంటే వింతగా చూస్తాం. ఇంగ్లీషు కుడ్‌కు ఆ హామీ లేదు. చేతనవును, వీలుంది అన్నంతవరకే చెప్పి ఊరుకుంటుంది, పని అయిందో లేదో చెప్పదు. పైగా కుడ్‌ను వాళ్లు ముందు జరగబోయే వాటికి కూడా వాడతారు కాబట్టి, మీ మెసేజ్ మీ అన్నయ్యకు ‘ఉద్యోగం వచ్చినా రావచ్చు’ అని వినపడింది. ఆల్ ద బెస్ట్ అనక ఇంకేమంటారు పాపం!

అయితే గడిచిన కాలానికి కుడ్ వాడనే కూడదా అంటే, అదీ కాదు. మా తాతయ్య 70 ఏళ్లప్పుడు కూడా కొబ్బరిచెట్టు ఎక్కగలిగేవారు. అక్కడ ‘హి కుడ్ క్లైంబ్’ అనడం నూటికి నూరుపాళ్లు ఒప్పే. ఒకరోజు వానలో జారుతున్నా ఎలాగో పైకి ఎక్కగలిగారు అనాలంటే మాత్రం ‘హి వజ్ ఏబుల్ టు క్లైంబ్’, లేదా ‘హి మేనేజ్డ్ టు క్లైంబ్’. నాకు దొరికిన చిట్కా ఇది: మనసులో తెలుగు వాక్యం అనుకున్నప్పుడు ‘గలిగేవారు’ అని వస్తే కుడ్, ‘గలిగారు’ అని వస్తే వజ్ ఏబుల్ టు. ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు, దెబ్బ తిన్నాక నేనే కనిపెట్టుకున్నాను. కాదు, లేదు అని చెప్పేటప్పుడు ఈ గొడవే లేదు. ఎక్కలేకపోయారన్నా, ఎక్కలేకపోయేవారన్నా ‘కుడింట్’ సరిపోతుంది. చూడటం, వినడం లాంటి వాటికి కూడా కుడ్ నడుస్తుంది. ‘ఐ కుడ్ హియర్ ద ట్రెయిన్’ అంటే రైలు చప్పుడు నిజంగానే వినపడిందని.

చేజారిన అవకాశం చెప్పుకోవాలంటే ‘కుడ్ హావ్’. ‘ఐ కుడ్ హావ్ టేకెన్ దట్ జాబ్’ అంటే ఆ ఉద్యోగంలో చేరే వీలుండింది, చేరలేదు అని. బంధువుల పెళ్లిళ్లలో మన బాబాయిలు చెప్పే కథలన్నీ ఈ వాక్యంలోవే. కానీ ‘హి కుడ్ హావ్ మిస్డ్ ద ట్రెయిన్’ అన్నప్పుడు, సందర్భాన్నిబట్టి, రైలు తప్పిపోయి ఉండొచ్చు, మనకు తెలియదు అనే అర్థం కూడా వస్తుంది.

మీరు అడగకపోయినా ఇంకోటి. మన ‘వచ్చు’ ఒక్కటే మూడు పనులు చేస్తుంది. నాకు ఈత వచ్చు. నువ్విక ఇంటికి వెళ్లొచ్చు. సాయంత్రం వాన రావొచ్చు. మొదటిదానికి క్యాన్. క్యాన్‌కు పాత ఇంగ్లీషులో అసలు అర్థం ‘తెలుసు’ అనే, అందుకే మన ‘ఈత వచ్చు’కు అంత చక్కగా అతుకుతుంది. రెండోదానికి క్యాన్, కాస్త మర్యాదగా అయితే మే. మూడోదానికి మే, మైట్, కుడ్ ఏదైనా పర్వాలేదు, క్యాన్ మాత్రం కుదరదు. ‘ఇట్ క్యాన్ రెయిన్ దిస్ ఈవినింగ్’ అనరు. అదే రెంటచింతలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటొచ్చు అనేటప్పుడు క్యాన్ బాగుంటుంది, ఎందుకంటే అది ఇవాళ్టి జోస్యం కాదు, ఆ ఊరి తీరు. మే అంటే జరిగే అవకాశం ఇన్ని శాతం, మైట్ అంటే అన్ని శాతం అని బోర్డు మీద లెక్కలు వేసే కోచింగులు చూశాను. మామూలు మాటల్లో అంత తేడా ఎవరూ పాటించరు, దానికి నిద్ర పాడుచేసుకోకండి.

ఫోన్లో మాత్రం ఒక జాగ్రత్త. అమెరికావాళ్లు ‘ఐ క్యాన్ కమ్’ అనేటప్పుడు క్యాన్‌ను మింగేసి ‘కన్’ అంటారు, క్యాంట్‌ను మాత్రం ఒత్తి పలుకుతారు. చివరి ట సరిగ్గా వినపడదు కూడా. మనమేమో క్యాన్‌నే గట్టిగా ఒత్తుతాం. ఆరింటికి రాగలనని నేను చెబితే రాలేనని అర్థం చేసుకుని నాకోసం మీటింగ్ ఏడింటికి జరిపారు ఒకసారి! అప్పట్నుంచి ‘యెస్, ఐ క్యాన్’ అనడం అలవాటు చేసుకున్నాను.

ఇక మీ మెసేజ్ సంగతి. ‘ఐ గాట్ ద జాబ్’ అని మళ్లీ పెట్టండి, వజ్ ఏబుల్ టు కూడా అక్కర్లేదు. నాలుగైదు ఇంటర్వ్యూలు పోయాక దక్కిందని కూడా తెలియాలంటే ‘ఐ ఫైనలీ మేనేజ్డ్ టు గెట్ ఎ జాబ్’ అనండి. ఈసారి కంగ్రాట్స్ వస్తుంది.