పైట్యాంకు త్వరగా ఖాళీ అవుతోంది, నీరు కారడం ఎక్కడా కనబడదు. లీకును ఎలా పట్టుకోవాలి?

గోడలు తవ్వించే ముందు ట్యాంకును పరీక్షించండి. రాత్రి మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, పొడి కర్రను ట్యాంకు అడుగుదాకా ముంచి తడి ఎంతవరకు ఉందో గుర్తు పెట్టండి. తెల్లవారాక ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ ముంచి చూడండి. అడుగు భాగం వైశాల్యం చదరపు మీటరున్న ట్యాంకులో మట్టం సెంటీమీటరు తగ్గితే 10 లీటర్లు పోయినట్టే. మరుసటి రాత్రి ట్యాంకు కింది వాల్వు కూడా కట్టేయండి. అప్పుడూ మట్టం తగ్గితే లోపం ట్యాంకుదో వాల్వుదో. తగ్గకపోతే పైపుల్లోనో, ఫ్లష్ ట్యాంకులోనో ఉంది.

నేనైతే ముందు ఫ్లష్ ట్యాంకునే అనుమానిస్తాను. అందులో కాస్త మిఠాయి రంగు కలిపి అరగంట వాడకుండా ఉంచండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే అడుగునున్న రబ్బరు వాషరు అరిగిపోయింది. మార్పించడం చిన్న పనే.

ఇక గోడ చెమ్మ. వానలకే పెరిగితే డాబా పగుళ్లు చూడండి, మండు వేసవిలోనూ ఆరకపోతే పైపును అనుమానించండి. విశాఖలో సముద్రపు ఉప్పుగాలికి ఇనుప పైపులు త్వరగా తుప్పు పడతాయి. ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు పాత ఇళ్లలో మరలు బిగించిన అతుకులను ముందుగా తడిమి చూడండి.