గొంతులో ఆగే అక్షరం

చిరంజీవికి ఆశీస్సులు.

హవాయి భాష ధ్వనుల మీద నీవు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. హల్లులు ఎనిమిదే, అచ్చులు హ్రస్వదీర్ఘాలు కలిపి పదే అని మొదటి పుటలోనే లెక్క తేల్చి, ‘ఎంత పేద భాష’ అని జాలిపడ్డావు. లెక్క సరైనదే, జాలిని కొట్టివేయి.

ఆ ఎనిమిదింటిలో ప, క, హ, మ, న, ల, వ మనకు కొత్తవి కావు. ఎనిమిదోదైన ఓకినాను, అంటే గొంతును లిప్తపాటు మూసి విడిచే ధ్వనిని, నీవు ‘చిన్న విరామం’ అని ఒక్క మాటలో దాటవేశావు. అది విరామం కాదు, నిండు హల్లు. ‘పౌ’ అంటే అయిపోయింది అని అర్థం. నడుమ గొంతు పట్టి ‘ప’ఉ’ అంటే మసి. రెండచ్చులనూ సాగదీసి ‘పా’ఊ’ అంటే ఆడవారు కట్టుకునే పావడా. వ్యాసం ఈ మూడు మాటలతో మొదలైతే జాలికి చోటే ఉండదు.

ఆ దీవుల పేరులోనూ ఓకినా ఉంది: హ, వై, ఆపై గొంతు ఆగి ‘ఇ’. రెండచ్చులు ఎదురుపడితే నడుమ యకారాన్ని చొప్పించే అలవాటు మనది కనుక, మన నోట అది ‘హవాయి’ అయింది. 1826లో అమెరికన్ మిషనరీలు లిపిని ఖాయం చేస్తూ ట, ర వంటి ధ్వనుల అక్షరాలను తొలగించినప్పుడు, ఓకినాకు వేరే అక్షరమే కేటాయించలేదు. నీహౌ దీవిలో ట ధ్వని నేటికీ వినిపిస్తుంది.

ఈ ధ్వని ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయి. హవాయికి సోదరభాష అయిన న్యూజిలాండ్ మావోరీలో చేపను ‘ఇక’ అంటారు, హవాయిలో ‘ఇ’అ’ అంటారు; పాత కకారం గొంతులోకి జారింది. ఖాళీ అయిన ఆ చోటికి పాత టకారం వచ్చి చేరడం వల్లనే నిషిద్ధం అనే అర్థమున్న మావోరీ ‘టపు’ అక్కడ ‘కపు’ అయింది. నీ వ్యాసంలో ఈ ముచ్చటే లేదు.

ఓకినాకు ఒక గుర్తు ఎంచుకుని చివరిదాకా అదే వాడు. ‘హవాయి’ని మాత్రం మార్చకు, చెప్పుల పుణ్యమా అని అది ఇంటింటికీ తెలిసిన పేరు.