నిమ్మరసానికి మెరుపు పోయే తెల్ల గ్రానైట్

వంటింటి గట్టుకి గ్రానైట్ అని మీకు అమ్మిన ఆ తెల్ల రాయి పాలరాయి అయ్యుంటుంది. గుంటూరులో ఒకే షాపులో రెండు పలకలు కొంటే, నల్ల గెలాక్సీ (బంగారు చుక్కల నల్ల రాయి) బాగానే ఉంది, తెల్ల పలకకే నిమ్మరసం, పులుసు పడ్డచోట మెరుపు పోయిందన్నారు కదా. పాలరాయిలో కాల్సైట్ అనే ఖనిజం ఉంటుంది, పులుపు దాన్ని తినేస్తుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కాస్త మైకా. నిమ్మరసం వీటిని ఏమీ చేయలేదు.

1. సింక్ కోసం కోసిన ముక్క తీసుకోండి. లేదంటే గట్టు అడుగున చూడండి.
2. మేకుతో గట్టిగా గీకండి. గ్రానైట్ అయితే మేకు మరకే పడుతుంది, తుడిస్తే పోతుంది. పాలరాయి అయితే గాడి పడి పొడి రాలుతుంది.
3. నిమ్మరసం ఆ పొడి మీదే పిండండి, పాలరాయైతే బుడగలొస్తాయి. అందరూ పైన పాలిష్ మీద పోసి ఏమీ కాలేదనుకుంటారు. పైన పూతలా పట్టే సీలర్ (రాయికి కొట్టే రక్షణ పూత) ఉంటే రసం రాయిని తాకకపోవచ్చు. డోలమైట్ (కాల్సైట్ లాంటిదే మరో ఖనిజం) రకం పాలరాయైతే పొడిలోనే, అదీ మెల్లగా, బుడగలొస్తాయి.

బుడగలొస్తే, గట్టు మీద మెరుపు పోయిన చోటు మరక కాదు, రాయే కరిగింది. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాలి.

అన్నట్టు, మీ చీమకుర్తి గెలాక్సీ కూడా శాస్త్రం లెక్కలో గ్రానైట్ కాదు, గాబ్రో అనే మరో నల్ల రాయి జాతి. ఆ బంగారు చుక్కలు పైరాక్సీన్ అనే ఖనిజం. అయినా పులుపుకి టెన్షన్ లేదు.