ఉద్యోగుల ట్రైనింగ్‌కి ముందుగా సిలబస్ రాసుకోవాలా?

అక్కర్లేదు, ట్రైనింగ్ అయ్యాక పనిలో ఏం మారాలో ముందు తేల్చుకోవాలి. తప్పు ఎక్కడ జరుగుతోందో చూడకుండా క్లాసు పెడితే, వచ్చిన పనినే మళ్లీ నేర్పుతాం. కూకట్‌పల్లిలో ఒక బట్టల షాపు అనుకోండి, బిల్లింగ్ దగ్గర క్యూ కదలడం లేదు. కౌంటర్ పక్కన నిలబడి చూస్తే, మామూలు బిల్లులు చకచకా కొట్టేవాళ్లే ఎక్స్ఛేంజ్ బిల్లు రాగానే ఆగిపోతున్నారని తెలుస్తుంది. అలాంటప్పుడు రెండు రోజుల క్లాసు దండగ. అదే కంప్యూటర్ మీద గంటసేపు ఎక్స్ఛేంజ్ బిల్లులు కొట్టించి, వారం తర్వాత ఇంకోసారి చేయించాలి. (కంప్యూటరే నెమ్మదైతే ఏ ట్రైనింగూ పనికిరాదు.)

చాలామంది పొరబడేది ఫీడ్‌బ్యాక్ ఫారం దగ్గర. ‘బాగుంది’ అని టిక్ పెడితే క్లాసు నచ్చిందనే అర్థం. ట్రైనింగ్ పనిచేసిందో లేదో కొలవడానికి అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లలో అది మొదటిదే. నేర్చుకోవడం, పనిలో వాడటం, ఫలితం ఆ పైవి. ఇక్కడ ఫలితమంటే క్యూ తగ్గడం.