సెన్సర్ మార్చే ముందు గాలి దారి చూడు

చిరంజీవి అల్లుడికి, కడప నుంచి మామ ఆశీర్వదించి రాసేది.

నిన్న సాయంత్రం నువ్వు ఫోను చేసినప్పుడు ఇక్కడ టింకరింగ్ పని నడుస్తోంది. సుత్తి చప్పుడులో నీ మాటలు సగమే వినపడ్డాయి. స్విఫ్ట్ డిజైర్ డీజిల్ బండి, పికప్ లేదు, నల్ల పొగ కక్కుతోంది, స్కానర్‌లో పీ0101 కోడ్ వచ్చింది, ఇంజనులోకి పోయే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ తెప్పించనా అని అడిగావు. తొందరపడవద్దు అని మాత్రమే చెప్పగలిగాను. ఎందుకు వద్దన్నానో ఫోనులో తేలే సంగతి కాదు కాబట్టి రాత్రి అన్నం తిని కూర్చుని రాస్తున్నాను. ప్రొద్దుటూరులో సొంత షెడ్డు పెట్టుకున్నావు. ఇలాంటి బండ్లు నీ దగ్గరికి ఇంకా చాలా వస్తాయి. ఈ కాగితాలు టూల్ బాక్సులో దాచుకో.

నన్ను ఆపింది ఆ నల్ల పొగ. సెన్సర్ ఎలా పనిచేస్తుందో ఒకసారి మనసులో పెట్టుకుంటే నీకే అర్థమవుతుంది. దాని లోపల సన్నని తీగ గానీ, పలుచని పొర గానీ ఉంటుంది. దాన్ని లోపలికి వచ్చే గాలి కంటే ఎప్పుడూ ఇంత వేడి ఎక్కువగా ఉండేలా కరెంటుతో కాచి ఉంచుతారు. గాలి పోతూ పోతూ దాన్ని చల్లారుస్తుంది. చల్లారకుండా నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఎంత బరువు గాలి లోపలికి పోయిందో ఇంజనును నడిపే కంప్యూటరు, అంటే ఈసీఎం, లెక్క కడుతుంది. ఆ పొర మీద దుమ్ము పేరుకుంటే కంబళి కప్పినట్టే. గాలి సరిగా సోకదు, లెక్క తక్కువ వస్తుంది. గాలి తక్కువ ఉందని నమ్మిన ఈసీఎం పొగ రాకూడదని డీజిల్ కోసేస్తుంది. బండి మందగిస్తుంది, కానీ పొగ పెద్దగా రాదు.

మరి పికప్ పోయి, పొగ కూడా దట్టంగా వస్తుంటే? సెన్సర్ దాటి లెక్కలోకి వచ్చిన గాలి సిలిండరు చేరకుండా దారిలో ఎక్కడో బయటికి పోతోందేమో చూడాలి. గాలిని ఒత్తిడితో ఇంజనులోకి తోసే టర్బో తర్వాత హోస్ పైపు చిరిగినా, క్లాంపు వదులైనా ఇదే జరుగుతుంది. ఈసీఎం ఉన్నదనుకున్న గాలికి సరిపడా డీజిల్ పోస్తుంది, ఆ గాలి అక్కడ ఉండదు. ఇంజను వదిలే పొగలో కొంత తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా పొగ వస్తుంది. అసలు లెక్క కంటే ఎక్కువ చూపే సెన్సర్ వల్ల కూడా రావచ్చు, కానీ అలాంటివి నా చేతికి తక్కువగా వచ్చాయి.

ఈ తేడా నాకు పుస్తకంలో తెలియలేదు. చాలా ఏళ్ల కిందట రాయచోటి దారిలో బాడుగకు తిప్పే డ్రైవరు ఒకాయన గువ్వలచెరువు ఘాట్ ఎక్కలేకపోతున్నానని బండి తెచ్చాడు. అచ్చంగా నీ బండి లక్షణాలే. కోడ్ చూశాను, సెన్సర్ మార్చాను, కోడ్ తుడిచాను. బండి రెండు రోజులు బాగా తిరిగింది. మూడో రోజు అదే పొగతో మళ్లీ నా గుమ్మం ముందు నిలబడింది. కిందికి దూరి చూస్తే టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు హోస్ అడుగున బ్రాకెట్టుకు రాసుకుని రాసుకుని చీలి ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ చీలిక మూసుకుపోతుంది, టర్బో ఒత్తిడి వస్తేనే నోరు తెరుస్తుంది. కోడ్ తుడవడం వల్ల ఆ రెండు రోజులు బాగైనట్టు కనిపించింది, అంతే. ఆయన చాలా రోజుల బాడుగ డబ్బు తెచ్చి ఆ సెన్సర్‌కు పోశాడు. తిరిగి ఇచ్చాను, కానీ ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనకుండా చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నీకు అలాంటి రోజు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

కోడ్ ఏ భాగం చెడిందో చెప్పదు. పీ0101 అంటే వచ్చిన గాలి లెక్కకూ, ఈసీఎం ఊహించిన లెక్కకూ పొంతన లేదని. పీ0102 అయితే సిగ్నల్ మరీ తక్కువ, పీ0103 అయితే మరీ ఎక్కువ. ఈ రెండూ వస్తే ముందు వైర్లనూ, వాటిని సెన్సర్‌కు కలిపే కప్లర్‌నూ అనుమానించు. 0101 వస్తే ఫిల్టరు డబ్బా నుంచి ఇంజను దాకా గాలి నడిచే దారి మొత్తాన్ని అనుమానించు.

కాబట్టి స్కానర్ పక్కన పెట్టి మొదట ఫిల్టరు డబ్బా విప్పు. మన జిల్లాల్లో ఇది తప్పనిసరి. మంగంపేట వైపు ముగ్గురాళ్ల గనుల దగ్గర తిరిగే బండ్లు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల దగ్గర తిరిగే బండ్లు ఎంత పొడి మింగుతాయో డబ్బా తెరిస్తే తెలుస్తుంది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లు వీటికి చెల్లవు, ఫిల్టరు ఇంకా ముందే మార్చాలి. కంప్రెసరు గాలితో ఫిల్టరు కొట్టి మళ్లీ పెట్టే అలవాటు మానిపించు. కాగితం మడతల్లో కంటికి కనపడని చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లోంచి పొడి నేరుగా సెన్సర్ మీదికి పోతుంది. డబ్బా క్లిప్పు ఒకటి విరిగి ఉందా, ఫిల్టరు రబ్బరు అంచు సరిగ్గా కూర్చుందా, సెన్సర్ తర్వాత రబ్బరు పైపు ముడతల్లో పగుళ్లు ఉన్నాయా, వేళ్లతో ఒంచి చూడు. టర్బో తర్వాతి హోసుల మీద కొత్తగా తడిసిన నూనె మరక ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగు. సబ్బు నీళ్లు పోసి, ఒకరిని రేస్ ఇవ్వమని బుడగలు చూడు. రేస్‌కు చాలినంత ఒత్తిడి రాకపోతే హోస్ పూర్తిగా విప్పి చేతిలో పట్టుకుని మెలిపెట్టి చూడు. నేను ఆ రోజు చేయని పని అదే.

దారి శుభ్రంగా ఉందని తేలాక స్కానర్‌లో లైవ్ డేటా, అంటే ఇంజను నడుస్తుండగా సెన్సర్లు చూపే అంకెలు, తెరువు. లెక్క నోటితోనే కట్టుకోవచ్చు. ఆ ఇంజను 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కోదానికి 312 సీసీ. లీటరు గాలి 20 డిగ్రీల దగ్గర దాదాపు 1.2 గ్రాములు, కాబట్టి నిండుగా పీలిస్తే స్ట్రోకుకు, అంటే సిలిండరు ఒక్కసారి పీల్చేదానికి, 374 మిల్లీగ్రాములు. కానీ ఏ ఇంజనూ అంత నిండుగా పీల్చదు. పైగా 40 డిగ్రీల ఎండలో గాలి పలచబడి ఆరు శాతం దాకా తగ్గుతుంది. మన ఎండాకాలంలో ఐడిలింగ్ మీద, ఈజీఆర్ మూసి ఉన్నప్పుడు, 300కు అటూ ఇటూ కనిపిస్తే సెన్సర్ మీద కోపం వద్దు. ఈజీఆర్ తెరుచుకుంటే ఆ అంకె బాగా పడిపోతుంది, అది చూసి భయపడవద్దు. మూసి ఉన్నప్పుడు కూడా 200 దగ్గరే ఉంటే, ఈజీఆర్ నిజంగా మూసుకుందా అని ముందు తేల్చు.

తర్వాత రోడ్డు మీదికి తీసుకుపో. పక్కన ఒకరిని కూర్చోబెట్టి స్కానర్ వాళ్ల చేతికివ్వు, నడిపేటప్పుడు నువ్వు చూడవద్దు. మూడో గేరులో 1500 ఆర్‌పీఎం నుంచి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కు. స్ట్రోకుకు గాలి ఐడిలింగ్ అంకెకు రెట్టింపు దగ్గరికి రావాలి. దాని పక్కనే టర్బో ఒత్తిడి అంకె ఉంటుంది. ఈ రెండిటినీ ఎప్పుడూ జంటగా చూడు. ఒత్తిడి సరిగ్గా ఉండి గాలి లెక్క మాత్రమే తక్కువగా ఉంటే సెన్సర్ అబద్ధం చెబుతోంది. గాలి లెక్క బాగుండి ఒత్తిడి రాకపోతే హోస్ లీకు. రెండూ తక్కువైతే ఫిల్టరో, టర్బోనో, టర్బోకు పోయే వాక్యూమ్ పైపో. నలభై ఏళ్ల పనిలో నాకు ఇంత అక్కరకొచ్చిన పరీక్ష ఇంకొకటి లేదు.

సెన్సర్ కప్లర్ పీకి నడిపి చూడమని చాలామంది చెబుతారు. పీకితే ఈసీఎం తన దగ్గరున్న లెక్కతో నడుపుతుంది, బండి చురుకైతే సెన్సర్‌దే తప్పంటారు. పెట్రోలు బండిలో ఇది కొంత పనికొస్తుంది. డీజిల్లో కప్లర్ పీకగానే చాలా బండ్లలో ఈజీఆర్ కూడా ఆగిపోతుంది. బండి బాగైంది సెన్సర్ వల్లనా, ఈజీఆర్ వల్లనా అన్నది తేలదు. దాన్ని సాక్ష్యంగా తీసుకోవద్దు.

మల్టీమీటరు కూడా పట్టు. కీ ఆన్ చేసి కప్లర్ వెనక నుంచి సూదితో చూడు. సెన్సర్‌కు బ్యాటరీ వోల్టేజి వస్తోందా, ఎర్తు వైరులో 0.1 వోల్టు కంటే ఎక్కువ పోతోందా. వోల్టేజి సిగ్నల్ ఇచ్చే బాష్ కంపెనీ పొర రకం అయితే ఇంజను ఆపి ఉన్నప్పుడు సిగ్నల్ వైరులో ఒక వోల్టుకు చాలా దగ్గరగా ఉండాలి, రేస్ ఇచ్చేకొద్దీ తడబాటు లేకుండా పెరగాలి. కొన్ని కొత్త సెన్సర్లు ఫ్రీక్వెన్సీ సిగ్నల్ ఇస్తాయి, వాటిని వోల్టుల్లో చూసి తప్పు పట్టవద్దు, మీటరును హెర్ట్జ్ మీదికి తిప్పు. ఇంజను నడుస్తుండగా వైరు గుత్తిని మెల్లగా ఊపు. అంకె ఎగిరిపడితే నీకు కావలసింది సెన్సర్ కాదు, టంకం.

పెట్రోలు బండి వస్తే ముందు దానికి ఈ సెన్సర్ ఉందో లేదో చూడు. మన వీధుల్లో తిరిగే చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డు మీద ఒత్తిడి సెన్సరే ఉంటుంది. ఉన్నవాటిలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీఎం పెట్రోలును ఎంత పెంచిందో తగ్గించిందో చెప్పే అంకె, చూడు. ఐడిలింగ్‌లో ట్రిమ్ బాగా ప్లస్సులో ఉండి 2500 ఆర్‌పీఎం దగ్గర సర్దుకుంటే గాలి లీకు. ఐడిలింగ్‌లో బాగుండి రేస్ పెరిగేకొద్దీ ప్లస్సులోకి పోతే సెన్సర్ గానీ, పెట్రోలు పంపు గానీ. పంపు ఒత్తిడి కొలిచాకే సెన్సర్ జోలికి పో.

శుభ్రం చేయడం గురించి. ఈ సెన్సర్‌కని అమ్మే స్ప్రే మాత్రమే వాడు. కార్బురేటర్ క్లీనరు, పెట్రోలు, దూది పుల్ల, కంప్రెసరు గాలి, నీ వేలు, ఏదీ ఆ తీగను తాకకూడదు. స్ప్రే కొట్టి పూర్తిగా ఆరేదాకా వదిలెయ్యి. తీగ రకం సెన్సర్లు దీనితో బాగుపడటం చూశాను. డీజిల్ బండ్ల పొర రకం మాత్రం కడిగినా ఎక్కువ రోజులు నిలవదు, ఆ మాట కస్టమరుకు ముందే చెప్పు.

మార్చక తప్పదని తేలితే ఇంజను చల్లారనివ్వు, కీ తీసెయ్యి. చాలావాటికి తల మీద నక్షత్రం గాడి ఉండే టార్క్స్ స్క్రూలు రెండే ఉంటాయి. కొన్నిటికి మధ్యలో చిన్న పిన్ను ఉంటుంది, రంధ్రమున్న బిట్టు కావాలి. మామూలు బిట్టుతో బలవంతం చేస్తే తల చెడుతుంది. విప్పే ముందే చుట్టూ దుమ్ము తుడువు, పైపులోకి ఒక్క రేణువు పడినా అది పోయేది టర్బోలోకే. పాత దాని మీది నంబరు పూర్తిగా రాసుకో. బాష్‌ది అయితే పది అంకెలూ కలవాలి. చూడటానికి అచ్చు ఒకేలా ఉండి, కప్లర్ కూడా సరిపోయి, లోపలి లెక్క వేరే ఉండే సెన్సర్లు ఉన్నాయి. చవకగా దొరికే నకిలీలు ఇంకా ఎక్కువ. వాటిని పెడితే అదే కోడ్ నెలలో తిరిగి వస్తుంది. రబ్బరు రింగు మెలిపడకుండా, బాణం గుర్తు ఇంజను వైపు ఉండేలా కూర్చోబెట్టు. ప్లాస్టిక్ కాబట్టి స్క్రూ ఆగగానే నీ చెయ్యి కూడా ఆగాలి. కోడ్ తుడిచి, ఆ సెన్సర్ గురించి ఈసీఎం నేర్చుకున్న పాత లెక్కను మార్చే పద్ధతి స్కానర్‌లో ఉంటే అది చేసి, ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపి మళ్లీ ఆ జంట అంకెలు చూడు. పాత సెన్సర్ కస్టమరు చేతికే ఇవ్వు.

రేపు పొద్దున ఆ డిజైర్ హోసులు విప్పి చూసి, గాలి, ఒత్తిడి అంకెలు రెండూ కాగితం మీద రాసి రాత్రికి ఫోను చెయ్యి. తేలకపోతే ఆదివారం బండి ఇక్కడికి తీసుకురా. మీ ఊరి చుట్టూ నేల చదును, గువ్వలచెరువు ఘాట్ ఎక్కిస్తే దాచుకున్నది బయటపడుతుంది. వచ్చేటప్పుడు నీ స్కానర్ తెచ్చుకో, నాది పాతబడింది. దిగేటప్పుడు అక్కడ ఆగి మీ అమ్మకు కోవా తీసుకుందాం.

మీ మామ