బొంత గుడ్డ ఏరుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. పాపకు నువ్వే బొంత కుడతానన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! కానీ కొత్త నూలు గుడ్డ మీటర్ల లెక్కన కొనబోతున్నావట, ఆగు. బొంతకు ఆ మెత్తదనం వచ్చేది ఉతికి ఉతికి అరిగిన చీరల వల్లనే.

ముందు లెక్క చూసుకో. 5.5 మీటర్ల చీర అంటే 18 అడుగులు. మూడు మడతలు వేస్తే 6 అడుగులు, పన్నా 4 అడుగులకు కాస్త తక్కువ. రెండు చీరలుంటే పెద్దవాళ్ళ బొంతకు ఆరు పొరలు వచ్చేస్తాయి. పాపకైతే ఒక్క చీరనే ఆరు మడతలు వెయ్యి, చాలు.

పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె మీ వీధిలోకి వస్తే మూట విప్పించి చూడు. తను ఇచ్చిన గిన్నె ఖరీదుకు మరికొంత కలిపి ఇస్తే నచ్చినవి ఏరుకోనిస్తుంది. ఎండలో నెత్తిన మూటతో తిరిగే మనిషి, ఆమె దగ్గర గీచి గీచి బేరమాడకు. లేదంటే ఎర్రగడ్డ ఆదివారం సంతకు పొద్దున్నే వెళ్ళు. గుట్ట మొత్తం తీసుకుంటే చవక అంటారు. వద్దు, ఒక్కొక్కటే చూసి తీసుకో.

చూడటమంటే రంగు చూడటం కాదు. చీరను ఎండకెత్తి పట్టుకో. జల్లెడలా వెలుగు కనిపించే చోటు పనికిరాదు. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగు. పోగులు పక్కకు జరిగితే అక్కడ కుట్టు నిలవదు. మడమ తగిలే కింది అంచు ముందు పోతుంది, నడుములోకి దోపుకునే కొస మాత్రం కొత్తదానిలా ఉంటుంది. దుప్పటికి నడుమ అరుగుతుంది, పక్కలు గట్టిగా ఉంటాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీరను అసలు నమ్మకు. నేను ఒకసారి అలాంటిదే మురిసిపోయి కొన్నాను. ఇంటికొచ్చి తడిపితే నానిన అప్పడంలా చేతిలోనే విడిపోయింది. నూలో కాదో అనుమానం వస్తే ఒక పోగు తీసి కాల్చు. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువా అడుగున ఉన్నాయి కదా అని పాత చీర మీద అతికేవు! కొత్త గుడ్డ బిగువుకు పాత గుడ్డ కుట్టు వెంబడే చినుగుతుంది. ఒకే ఈడు గుడ్డలను కలుపు.

తెచ్చిన మూటను తిన్నగా లోపలికి తీసుకెళ్ళకు. నల్లులుంటాయి. వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, రెండు రోజులు ఎండలో వెయ్యి. ముదురు రంగులు విడిగా నానబెట్టు.

మీ నాయనమ్మ వెంకటగిరి చీర ఒకటి నా దగ్గరుంది. అంచు దగ్గర పసుపు మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు కానీ నేత గట్టిగానే ఉంది. మీ నాన్న వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. పాపకు తగిలే వైపు అది వెయ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య