బకెట్టు మోయకుండా మొక్కల్ని బతికించుకోవాలంటే

విజయనగరం,
మార్చి, ఆదివారం సాయంత్రం.

చి. సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోనులో "పెద్దమ్మా, ఇక నావల్ల కాదు, కుండీలన్నీ ఎవరికైనా ఇచ్చేస్తాను" అన్నావు. అప్పట్నుంచీ ఆ మాటే మనసులో మెదులుతోంది. నలభై రెండు కుండీలు, మేడ మీద మూలకి ఒకటే కుళాయి, చంకలో చంటిది, ఎనిమిది కొట్టేసరికి ఆమదాలవలస బస్సెక్కాలి. ఇన్నిటి మధ్య రోజూ బకెట్లు మోయడం ఎవరి తరమూ కాదు. నీకు ఓపిక లేక కాదమ్మా, ఆ పద్ధతే మనిషిని అరగదీసేది. పద్ధతి మారుద్దాం. మొక్కల్ని మాత్రం ఇచ్చేయకు. మీ అమ్మ చేత్తో పెట్టిన మల్లె అందులో ఉంది.

రోహిణి కార్తెకి ఇంకా రెండు నెలలు పైనే ఉంది. ఈలోగా చేసుకోవాల్సినవి రాస్తున్నాను. ఫోనులో చెబితే పిల్ల ఏడుపులో సగం వినబడదు.

రేపు పొద్దున్న బకెట్టు పక్కన పెట్టి, నీ గులాబి కుండీ ముందు కూర్చో. చెంబుడు నీళ్లు పోసి, కదలకుండా చూడు. మట్టి గట్టిపడి కుండీ అంచు నుంచి విడిపోయి, చుట్టూ దారమంత సందు కనిపిస్తుంది. నీళ్లన్నీ ఆ సందులోకి జారి, నిమిషం తిరక్కుండానే అడుగు చిల్లులోంచి బయటికి వచ్చేస్తాయి. నువ్వేమో "కింద నుంచి కారింది, సరిపోయింది" అనుకుని పక్క కుండీకి వెళ్తావు. చీపురు పుల్ల తీసుకుని మధ్యలో గుచ్చి చూడు. పైన తడి, కింద మడుగు, వేళ్లున్న చోట దుమ్ము. సంక్రాంతికి మీ ఇంటికి వచ్చినప్పుడు నేను చూసింది ఇదే. నువ్వు పోసే పన్నెండు బకెట్లలో సగం మొక్క నోటికి అందకుండా మేడ మీద పారిపోతున్నాయి. అందుకే చెబుతున్నా, నీళ్లు పోయడం తగ్గాలంటే ముందు నీళ్లు నిలిచే మట్టి కావాలి.

ఎర్రమట్టి ఒక్కటే నింపితే మన ఎండలకి ఇటుకైపోతుంది. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు బాగా మాగిన గెత్తం, అదే పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, కలుపు. కోకోపీట్ తన బరువుకి ఇంచుమించు ఎనిమిది రెట్లు నీళ్లు పట్టుకుంటుంది. ఇటుకలా నొక్కి అమ్ముతారు, అయిదు కిలోల దిమ్మ నానబెడితే డెబ్బై లీటర్ల దాకా పొంగుతుంది, ఒకటి కొంటే చాలా కుండీలకి వస్తుంది. దాంట్లో ఉప్పు ఉంటుంది, రెండుసార్లు కడిగి పిండాకే వాడు. ఇంకో సంగతి, అది పూర్తిగా ఎండిపోయిందంటే మళ్లీ నీళ్లని దగ్గరికి రానివ్వదు. అలాంటప్పుడు పైన ఎంత పోసినా లాభం లేదు. కుండీని ఉన్నపళంగా నీళ్ల టబ్బులో దించి, బుడగలు ఆగేదాకా ఉంచాలి. నలభై రెండూ ఒక్కసారి మార్చాలని కూర్చోకు. ఆదివారానికి ఆరు చొప్పున, ఎక్కువ దాహం వేసే వాటితో మొదలుపెట్టు.

మట్టి మార్చేటప్పుడే కుండీ అడుగున కొబ్బరి డొక్కల ముక్కలు పరుచు. మీ అత్తగారిది ఉద్దానం, కవిటి తోటల్లో డొక్కలకి కరువేముంది. వాటిని రాత్రంతా నానబెట్టి, చిన్న ముక్కలుగా కొట్టి, అడుగున రెండంగుళాలు వెయ్యి. పీచు నీళ్లని పీల్చుకుని మెల్లగా వదులుతుంది. చిల్లు కూడా మూసుకుపోదు.

తర్వాత మట్టికి కప్పు. ఇదొక్కటి చేసినా నీ చాకిరీ సగం తగ్గుతుంది, నా మాట నమ్ము. మట్టి ముఖం ఎండకి కనబడకూడదు. ఎండుగడ్డి, రాలిన ఆకులు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది రెండంగుళాల మందాన పరుచు. ఊక మాత్రం ఒక్కటే వెయ్యకు, మీ మేడ మీద సాయంత్రం గాలికి ఇల్లంతా ఎగురుతుంది. నేనైతే పాత గోనెసంచిని కుండీ మూతంత గుండ్రంగా కత్తిరించి, మధ్యదాకా ఒక చీలిక పెట్టి, కాండం చుట్టూ పొట్టిగౌనులా తొడుగుతాను. నెల్లిమర్ల జూట్ మిల్లు పేరు వింటూ పెరిగినదానివి, గోనెసంచి ఎక్కడ దొరుకుతుందని నన్నడగవు కదా. ఏది కప్పినా కాండానికి అంగుళం ఎడం ఉంచు. ఆనుకుంటే కాండం కుళ్లుతుంది.

కుండీల్ని పిట్టగోడ పొడవునా వరసగా పెట్టావు. చూడ్డానికి బాగుంది కానీ ఒక్కొక్కటీ నాలుగు వైపులా ఎండనీ గాలినీ ఒంటరిగా తట్టుకోవాల్సి వస్తోంది. అన్నిటినీ తూర్పు వైపుకి చేర్చి, పెద్దవి బయట, చిన్నవి లోపల ఉండేలా గుంపుగా పెట్టు. మే నెలకి పైన సగం ఎండ ఆపే పచ్చ వల కట్టించు. అరచేతంత కుండీల్లో ఉన్న మొక్కల్ని పెద్దవాటిలోకి మార్చు. మట్టి ఎంత తక్కువైతే అంత త్వరగా ఆరిపోతుంది. మట్టికుండీ గోడల్లోంచి కూడా తడి పోతుంది కాబట్టి దాహం వేసే మొక్కలకి ప్లాస్టిక్ కుండీయే నయం. కలబంద, అడీనియం లాంటివాటికి మట్టిది ఉంచు.

రోజూ పోయాలన్నది నియమం కాదమ్మా. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చు. తడి తగిలితే ఆ పూట వదిలెయ్యి. పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా నిదానంగా పొయ్యి. కొన్నాళ్లకి కుండీని కాస్త ఎత్తి చూస్తేనే బరువుని బట్టి నీకే తెలిసిపోతుంది. కనకాంబరం, బచ్చలి, టమాటా వేసవిలో రోజూ అడుగుతాయి. కలబందకి వారానికి ఒకసారి చాలు. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారుపడి నీళ్లు పోసెయ్యకు. సాయంత్రానికి అవే లేచి నిలబడితే దాహం కాదు, ఎండకి తల దించుకున్నాయంతే. పొద్దున్నే కూడా వాలి ఉంటే అప్పుడు పొయ్యి.

ఇక అసలు ఉపాయం, కుండ. కూరగాయలు వేసిన ఆ రెండు సగం డ్రమ్ములకి ఇదే పెట్టు. కుమ్మరి దగ్గర రంగు, పాలిష్ ఏమీ లేని చిన్న కుండలు తీసుకో. ఇంటికి తెచ్చి నీళ్లు నింపి ఒక పూట ఉంచు. బయటి గోడ చెమర్చితే మంచి కుండ. దాన్ని డ్రమ్ము మధ్యలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టు. చుట్టూ మట్టి ఎండినప్పుడు కుండ గోడలోంచి తడిని లాక్కుంటుంది, తడిగా ఉంటే లాగదు. ఎప్పుడు ఎంత కావాలో మట్టే చూసుకుంటుంది, నువ్వు లెక్కపెట్టక్కర్లేదు. రెండు మూడు రోజులకోసారి కుండ నింపడమే నీ పని. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటే దోస పాదులకి ఇలా కుండలు పాతేవారట. మామూలు కుండీలకి అంత కుండ పట్టదు, చిన్న పిడత చాలు. మూత మాత్రం మరిచిపోకు, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఏడాదికోసారి తీసి కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడుగు. మన బోరు నీళ్ల ఉప్పుకి గోడలో చిల్లులు పూడుకుపోతాయి.

వరండాలో ఉన్న మనీప్లాంటుకీ, తులసికీ వత్తి పెట్టు. దీపంలో వత్తి నూనెని పైకి లాగినట్టే, గుడ్డ వత్తి నీళ్లని మట్టిలోకి లాగుతుంది. పాత నూలు పంచె చింపి, గంజి పోయేలా ఉతికి, వేలి లావున పేనుకో. ముందు దాన్ని పూర్తిగా తడిపి, ఒక కొసని మట్టిలో నాలుగంగుళాలు దిగేలా పెట్టి, రెండో కొసని నీళ్ల డబ్బాలో వదులు. నీళ్ల మట్టం నుంచి కుండీ మట్టికి జానెడుకి మించి ఎత్తు ఉండకూడదు, అంతకన్నా పైకి వత్తి సరిగ్గా లాగలేదు. నూలు కొన్ని నెలలకి కుళ్లుతుంది, మార్చుకుంటూ ఉండు. మూతకి చిల్లులు పెట్టి సీసాలు బోర్లించే పద్ధతి అందరూ చెబుతారు కానీ అది ఒక్కోసారి గంటలో ఖాళీ అవుతుంది, ఒక్కోసారి చుక్క రాలదు. నాకు దానిమీద నమ్మకం లేదు.

మిగతా కుండీలకి డ్రిప్పు పెట్టుకో. వైశాఖంలో శివాలయంలో లింగం మీద ధారాపాత్ర వేలాడదీస్తారు చూడు, చుక్క తర్వాత చుక్క, అదే సంగతి. పదహారు మిల్లీమీటర్ల పైపు ఒకటి, దాన్నుంచి ఒక్కో కుండీకి సన్నపు గొట్టం, కొసన గంటకి రెండు లీటర్లు వదిలే డ్రిప్పర్. కొనేటప్పుడు ఒకటి జాగ్రత్తగా చూడు. నీళ్లు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. మీ ట్యాంకు కుండీలకన్నా మీటరున్నర ఎత్తులో ఉంది, అంటే అందులో ఆరోవంతు కూడా రాదు. కాబట్టి ఒత్తిడి సరిచేసుకునే ఖరీదైన డ్రిప్పర్లు మీకు పని చెయ్యవు, తిప్పి సరిచేసుకునే మామూలు రకం అడుగు. టైమరు కూడా బాల్ వాల్వు, అంటే లోపల చిల్లున్న గుండు తిరిగి తెరుచుకునేది, ఉన్నదే కావాలి, తక్కువ ఒత్తిడికి సోలినాయిడ్ వాల్వు రకం సరిగ్గా తెరుచుకోదు. ట్యాంకు దగ్గర ఫిల్టరు తప్పనిసరి.

లెక్క చూసుకో. నలభై కుండీలు, ఒక్కోదానికి గంటకి రెండు లీటర్లు, ఇరవై నిమిషాలు తెరిస్తే మొత్తం ఇరవై ఏడు లీటర్లలోపే. మీ తక్కువ ఒత్తిడికి అంత కూడా రాకపోవచ్చు. అందుకని అన్నిటికన్నా దూరంగా ఉన్న డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి, ఎన్ని నిమిషాలకి నిండుతుందో చూసి, దాన్ని బట్టి టైమరు పెట్టు. వానాకాలంలో టైమరు ఆపెయ్యడం మరిచిపోకు. మన జిల్లాల్లో అక్టోబరు దాకా వానలే, ఒక్కోసారి తుఫాన్లు కూడా.

ఊరెళ్లేటప్పటి సంగతి నా అనుభవంతో చెబుతాను. కొన్నేళ్ల కిందట మే నెలలో మీ అన్నయ్య దగ్గరికి బెంగళూరు వెళ్లాను, తొమ్మిది రోజులు. బయల్దేరే ముందురోజు సాయంత్రం పైపులు బిగించి, నీళ్లు వస్తున్నాయని చూసుకుని, నిశ్చింతగా రైలెక్కాను. మర్నాడే ట్యాంకులోని నాచు ఫిల్టరుకి అడ్డం పడిందట. తిరిగొచ్చి తలుపు తీసేసరికి గులాబీలు చేత్తో ముడితే అప్పడంలా విరిగాయి. ఏడు మొక్కలు పోయాయి.

మరుసటి ఏడు పక్కింటామెకి తాళాలిచ్చి వెళ్లాను. పాపం ఆవిడ రెండు పూటలా పోసింది. కరివేపాకు ఆకులన్నీ పసుపు తిరిగి రాలిపోయాయి. పీకి చూస్తే వేళ్లు నల్లగా, జిగటగా, చేత్తో నలిపితే పై తొక్క ఊడొచ్చింది. మురుగు కాలవ వాసన. ఎండి చచ్చిన గులాబీలకన్నా ఆ కరివేపాకుని చూసే ఎక్కువ బాధపడ్డాను. ఆవిడ ప్రేమగా పోసింది, వేలు గుచ్చి చూడమని నేనే చెప్పలేదు.

అందుకే, ఏ ఏర్పాటైనా ఊరెళ్లడానికి వారం ముందే పెట్టు. నాలుగు రోజులు దాన్ని ముట్టుకోకుండా చూడు. ఎవరికైనా అప్పగిస్తే ఏ కుండీకి ఎన్ని రోజులకోసారో కాగితం ముక్క రాసి అంటించు. సంక్రాంతికి నాలుగు రోజులైతే ఏమీ అక్కర్లేదు. చలికాలం కదా, నిండుగా పోసి నీడకి జరిపితే చాలు. వేసవిలో అయితే చిన్న కుండీల్ని బాత్రూం కిటికీ వెలుగులో చేర్చి, కింద తడి గోనెసంచి పరిచి వెళ్లు.

కవిటిలో మీ అత్తగారికి కూడా ఒక మాట చెప్పు. పెరట్లో కొబ్బరి మొదట్లో బిందెలతో పోస్తున్నారట. తాగే వేళ్లు మొదట్లో ఉండవు. చెట్టుకి ఆరడుగుల దూరం దాకా పాదు చేసి, అందులో కొబ్బరి డొక్కలు గుంట పైకి ఉండేలా వరసగా పాతితే, అయిదారేళ్లు తడిని పట్టి ఉంచుతాయి. ఆవిడకి డొక్కలు పొయ్యిలో పెట్టే అలవాటు, కొన్ని చెట్టుకి మిగల్చమని నా మాటగా చెప్పు.

కుండీల కింద పళ్లాలు పెట్టావు కదా, వారానికోసారి తప్పకుండా బోర్లించు. నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో గుడ్డు దోమైపోతుంది. ఇంట్లో చంటిపిల్ల, డెంగీ రోజులు.

ఏప్రిల్ మొదటి ఆదివారం పొద్దుటి పాసింజరుకి వస్తున్నాను. రెండు కుండలూ నాలుగు పిడతలూ ఇక్కడ మా కుమ్మరి దగ్గరే చూసి తెస్తాను, అక్కడ కొనకు. నువ్వు శనివారం రాత్రి డొక్కలు నానబెట్టి ఉంచు. మల్లె కుండీని మాత్రం నేనొచ్చేదాకా కదపకు, దాని మట్టి నేనే మారుస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ